బాలే పర్వతాల ఎర్ర తోడేలు

ఆఫ్రికా ఖండం అనగానే మండే ఎండలు, ఇసుక ఎడారులు, పొడవైన గడ్డిలో పొంచి ఉండే సింహాలు, చెట్ల కొనలు మేసే జిరాఫీలు మన మనస్సులో మెదులుతాయి. ఆ ఖండంలోనే రాత్రివేళ నీరు గడ్డకట్టే కొండలున్నాయనీ, ఆ కొండలమీద తోడేళ్లు తిరుగుతాయనీ చెబితే చాలామంది నమ్మరు. పోనీ, ఆ కొండలు మంచు దేశాలకు దగ్గరలో ఉన్నాయా అంటే అదీ లేదు. భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 7 డిగ్రీల దూరంలో, అంటే మన కన్యాకుమారికన్నా కూడా దక్షిణాన ఉన్నాయి. అవి ఇథియోపియా దేశంలోని బాలే పర్వతాలు.

ఇంత చలికి కారణం ఎత్తు. ఆఫ్రికాలో 3,000 మీటర్లకు పైబడిన నేలలో అధికభాగం ఇథియోపియాలోనే ఉంది. ఉదకమండలం దగ్గరున్న దొడ్డబెట్ట శిఖరం ఎత్తు 2,637 మీటర్లు. చలికాలపు ఉదయం అక్కడికి వెళ్లినవారికి వేళ్లు కొంకర్లు పోవడం అనుభవమే. బాలే పర్వతాలలోని సానెట్టి పీఠభూమి సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. దానిమీద లేచిన తుల్లు దిమ్తు శిఖరం ఎత్తు 4,377 మీటర్లు. దొడ్డబెట్టమీద మరో దొడ్డబెట్టలో సగానికి పైగా నిలబెట్టినట్లు ఊహించుకుంటే ఆ ఎత్తు మనకు తెలుస్తుంది.

రాజధాని అడిస్ అబాబాకు ఆగ్నేయంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ప్రాంతాన్ని 1970లో జాతీయ ఉద్యానవనంగా ఏర్పాటు చేశారు. దాని వైశాల్యం సుమారు 2,150 చదరపు కిలోమీటర్లు. 2023లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. దక్షిణాన ఉన్న దోలా మెన్నా ఊరినుండి ఉత్తరాన ఉన్న గోబా పట్టణానికి వెళ్లే రోడ్డు ఈ ఉద్యానవనం మధ్యగా కొండమీదికి ఎక్కి దిగుతుంది. ఆఫ్రికాలో అన్ని కాలాల్లోనూ వాహనాలు నడిచే రోడ్లలో ఇంతకంటె ఎత్తైనది లేదని చెబుతారు. ఆ దారి వెంబడి పోతే ఒక్క పూటలోనే వేడి అడవినుండి చలి పీఠభూమి వరకు ఎన్నో రకాల వృక్షసంపదను చూడవచ్చు.

దక్షిణపు వాలు అంతా హరెన్నా అడవి. ఇథియోపియాలో మిగిలి ఉన్న పెద్ద వాన అడవులలో ఇది ఒకటి. ఇందులో దిగువ భాగాన, సుమారు 1,500 మీటర్ల ఎత్తున, పెద్ద చెట్ల నీడలో కాఫీ మొక్కలు తమంతట తామే మొలిచి పెరుగుతాయి. ఎవరూ నాటినవి కావు. చిక్కమగళూరు తోటల్లోనూ, అరకు లోయలోనూ పండే అరబికా కాఫీకి పుట్టినిల్లు ఇథియోపియా అడవులే. పండిన ఎర్రని కాయలను చుట్టుపక్కల గ్రామాలవారు కోసి, ఎండబెట్టి అమ్ముకుంటారు. చెట్ల కొమ్మలకు తేనెపట్టు గూడలు కట్టి తేనె తీస్తారు. తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలలనుండి మన దేశానికి వచ్చింది కాఫీ ఒక్కటే కాదు. మనం సంకటి వండుకొనే రాగులు ఆ వైపునుండి వచ్చినవే. అరకు, కోరాపుట్ కొండల్లో పసుపుపచ్చగా పూసే వలిసెలకూ ఇథియోపియాయే పుట్టినిల్లు.

కాఫీ చెట్లు దాటి పైకి వెళితే వెదురు పొదలు వస్తాయి. ఆ వెదురును నమ్ముకొని బ్రతికే ఒక కోతి ఉంది. దానిపేరు బాలే కోతి. వీపు గోధుమరంగు, గడ్డం తెలుపు. సాధారణంగా కోతి అంటే దొరికిందల్లా తినే జంతువు అనుకుంటాం. ఈ కోతికి మాత్రం వెదురు లేత ఆకులే ముఖ్యమైన ఆహారం. ఎక్కువగా అవి ఉన్నచోటనే అది ఉంటుంది. ఇళ్లు కట్టుకోవడానికీ, కంచెలు వేసుకోవడానికీ మనుషులకు కూడా వెదురే కావాలి. ఇదే అడవిలో నల్లని జూలున్న సింహాలు, చిరుతపులులు, అడవి కుక్కలు కూడా ఉన్నాయి. చెట్లు దట్టంగా ఉండటంచేత అవి కంటపడటం అరుదు.

సుమారు 3,200 మీటర్లు దాటాక పెద్ద చెట్లు ఆగిపోతాయి. అక్కడినుండి ఎరికా అనే చెట్లు మొదలవుతాయి. వంకర తిరిగిన మోళ్లు, సన్నని చిన్న ఆకులు, కొమ్మలనుండి ముసలివారి గడ్డాలలాగా వేలాడే లైకెన్లు. పొగమంచు ఈ కొమ్మలను తాకి నీటిబొట్లుగా మారి నేలమీద పడుతూ ఉంటుంది. పశువుల కాపరులు ఈ ఎరికా పొదలను అప్పుడప్పుడు తగలబెడతారు. కాలిన చోట లేత చిగుళ్లు వస్తాయి, పశువులకు మేత దొరుకుతుంది, చిరుతపులి దాక్కొనే చోటు లేకుండా పోతుంది. ఇది వారు తరతరాలుగా చేస్తున్న పని. కొద్దిగా కాలిస్తే పొద తిరిగి చిగురిస్తుంది. ఎండలు ముదిరిన ఏడాదిలో నిప్పు చేయి దాటిపోతే మాత్రం అడవి అంచు కూడా కాలిపోతుంది. కాబట్టి నిప్పు పెట్టడం తప్పు అనో, ఒప్పు అనో ఒక్క మాటలో తేల్చడం కష్టం.

ఎరికా పొదలు దాటగానే ఆకాశం ఒక్కసారిగా విప్పారుతుంది. అదే సానెట్టి పీఠభూమి. మంచుయుగంలో ఈ పీఠభూమిమీద హిమానీనదాలు ఉండేవి. అవి కరిగిపోయి ఎన్నో వేల సంవత్సరాలు గడిచాయి. ఇప్పుడు అక్కడ రాళ్ల గుట్టలు, చిన్న చిన్న కొలనులు, మోకాలెత్తు మించని బూడిదరంగు పొదలు కనిపిస్తాయి. పగలు ఎండ చురుక్కుమంటుంది. పొద్దు కుంకితే వెంటనే చలి మొదలవుతుంది. వానలు లేని నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీలు దిగువకు పోయిన సందర్భాలున్నాయి. ఇక్కడ వేసవి, చలికాలం ఏడాదికి ఒకసారి కాదు, రోజుకు ఒకసారి వస్తాయని అనవచ్చు.

ఇటువంటి చోట మొక్క ఎలా బ్రతుకుతుంది? అక్కడి హెలిక్రైసం పొదల ఆకులను చూస్తే ఒక ఉపాయం తెలుస్తుంది. ఆకులమీద తెల్లని సన్నని నూగు దట్టంగా ఉంటుంది. పగటి తీవ్రమైన ఎండకు అది గొడుగు, రాత్రి చలికి దుప్పటి. దాని పూలు కాగితంతో చేసినట్లు గరగరలాడుతూ ఎండినా రాలకుండా నిలుస్తాయి. మరో ఉపాయం పెద్ద లొబీలియాది. లొబీలియా జాతి మొక్కలు అనేకచోట్ల జానెడు ఎత్తున పెరిగే పూల మొక్కలు. సానెట్టిలో మాత్రం లొబీలియా తాటి మొక్కలాగా మొదలు వేసి, తలమీద ఆకుల గుత్తితో నిలబడుతుంది. రాత్రి కాగానే ఆ పొడవైన ఆకులు లోపలికి ముడుచుకొని, నడుమ ఉన్న లేత మొగ్గను కప్పివేస్తాయి. ఉదయం ఎండ తగలగానే మళ్లీ విచ్చుకుంటాయి. ఇలా ఎన్నో సంవత్సరాలు నిదానంగా పెరిగి, చివరకు ఒక పెద్ద పూలకంకిని పైకి తీస్తుంది. కంకితో కలిపి మొక్క ఇంటికప్పును మించి ఎదుగుతుంది. లక్షల కొద్దీ సన్నని విత్తనాలను గాలికి వదిలి ఆ మొక్క ఎండిపోతుంది. దాని జీవితంలో పూత ఒక్కసారే. మన అరటి చెట్టు ఒక్కసారే గెల వేసినట్లన్నమాట.

పీఠభూమిమీది కొలనుల దగ్గర మనకు తెలిసిన ఒక పక్షి కనిపిస్తుంది. అది జక్కవ. చక్రవాకమని కావ్యాలలో చదివే నారింజరంగు బాతు అదే. చలికాలంలో ఒడిశాలోని చిలుక సరస్సుకు గుంపులుగా వచ్చేది కూడా ఇదే జాతి. మధ్య ఆసియాలో గుడ్లు పెట్టే ఈ పక్షి ఇంత దక్షిణాన, ఆఫ్రికా కొండమీద ఒక చిన్న గుంపుగా స్థిరపడి పిల్లలను చేస్తున్నది. దానితోపాటు ఇథియోపియాలో తప్ప మరెక్కడా లేని నీలిరెక్కల బాతు కూడా అక్కడే ఈదుతూ ఉంటుంది.

సానెట్టి నేలను కొంచెం శ్రద్ధగా చూస్తే అంతటా మట్టికుప్పలు కనిపిస్తాయి. అవి ఒక ఎలుక తవ్విపోసినవి. ఈ ఎలుకకు తెలుగులో పేరు లేదు. తల పెద్దదిగా ఉండి, నేలలో బొరియలు తవ్వుకొని బ్రతుకుతుంది కాబట్టి బొరియ ఎలుక అందాం. పరిమాణంలో మన పందికొక్కుతో సమానం. బాగా ఎదిగినది కిలో వరకు తూగుతుంది. ప్రపంచంలో బాలే పర్వతాలలో తప్ప ఇది మరెక్కడా లేదు. కళ్లు తలకు పైభాగాన ఉంటాయి. అందువల్ల బొరియలోనుండి తల కొద్దిగా పైకెత్తితేనే చుట్టూ అంతా కనిపిస్తుంది. బయటకు వచ్చినా ఎక్కువ దూరం పోదు. వెనుక భాగం బొరియ దగ్గరే ఉంచి, చుట్టూ అందిన గడ్డిని గబగబా నోట కరుచుకొని, వెనుకకే జరిగి లోపలికి పోతుంది. పోయాక బొరియ నోటిని మట్టితో మూసేస్తుంది.

బొరియ ఎలుక పక్కన తరచు ఒక చిన్న గోధుమరంగు పిట్ట గెంతుతూ ఉంటుంది. ఎలుక తవ్విన మట్టిలో పురుగులు దొరుకుతాయని అది వస్తుంది. ప్రమాదం కనబడితే పిట్ట కూస్తుంది, ఎలుక లోపలికి దూరుతుంది. ఒకరికి తిండి, ఒకరికి కాపలా.

ఈ ఎలుకలు లేకపోతే సానెట్టి సానెట్టిలా ఉండదు. అవి అడుగు మట్టిని పైకి, పై మట్టిని అడుగుకు మారుస్తూ నేలను నిరంతరం దున్నుతూ ఉంటాయి. ఏ మొక్క ఎక్కడ మొలవాలో చాలావరకు ఆ తవ్వకమే నిర్ణయిస్తుంది. అంతేకాదు, ఒకప్పుడు మనుషులు కూడా ఈ ఎలుకల మీద ఆధారపడి బ్రతికారు. బాలే కొండల్లోని ఫించా హబెరా అనే రాతి చరియ కింద శాస్త్రజ్ఞులు తవ్వకాలు జరిపి, వాటి ఫలితాలను 2019లో ప్రకటించారు. 40 వేల సంవత్సరాలకు పూర్వమే రాతి పనిముట్లు వాడిన మనుషులు సుమారు 3,470 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చరియలో నివసించారట. అప్పట్లో పైన హిమానీనదాలు ఉండేవి. పొయ్యిల బూడిదలో దొరికిన ఎముకలలో ఎక్కువభాగం బొరియ ఎలుకలవే. వాటిని కాల్చుకొని తిన్నారు. అంత చలిలో, అంత ఎత్తున మనిషి నిలబడగలిగాడంటే ఏడాది పొడవునా దొరికే ఈ ఎలుక మాంసం దానికి ఒక కారణం.

ఇప్పుడు ఆ ఎలుకలను తిని బ్రతుకుతున్నది ఎర్ర తోడేలు. దీనిని ఇథియోపియా తోడేలు అంటారు. ఒళ్లంతా ఎర్రటి ఇటుకరంగు, గొంతుమీద, రొమ్ముమీద తెల్లని పట్టీలు, తోక చివర నల్లని కుచ్చు. కాళ్లు పొడవు, మూతి సన్నగా కోసుగా ఉంటుంది. మగది సుమారు 16 కిలోలు, ఆడది సుమారు 13 కిలోలు తూగుతుంది. చూడటానికి నక్కలాగే ఉంటుంది కాబట్టి 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన ఎడ్వర్డ్ రూపెల్ దీనిని మొదట వర్ణించిన తరువాత కూడా చాలాకాలం ఐరోపావారు నక్క అనే పిలిచారు. 1994లో జన్యు పరీక్షలు చేసి చూస్తే అది నక్కకన్నా తోడేలుకే దగ్గరి చుట్టమని తేలింది. బాలేలో నివసించే ఒరోమో ప్రజలు దీనిని గుర్రపు నక్క అని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఈననున్న గుర్రాలవెంట, ఆవులవెంట తిరిగి, ఈనిన తరువాత పడే మావిని తింటుంది కాబట్టి ఆ పేరు.

తోడేళ్లు గుంపుగా వేటాడతాయని మనం విని ఉన్నాం. ఎర్ర తోడేలు అలా కాదు. అది గుంపులోనే ఉంటుంది, వేట మాత్రం ఒంటరిగానే సాగిస్తుంది. ఒక ఎలుకను పట్టడానికి ఆరుగురు ఎందుకు? ఉదయం గుంపులోని తోడేళ్లన్నీ ఒకదాన్ని ఒకటి మూతులు తాకి పలకరించుకుంటాయి. తమ నేల ఎల్లలు చుట్టి వస్తాయి. ఆ తరువాత దేని దారి దానిది. చెవులు రిక్కించి, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. బొరియ ముందు పొట్ట నేలకు ఆనించి కదలకుండా కూర్చుంటుంది. ఎలుక తల పైకి రాగానే ఒక్క దూకు. దాని ఆహారంలో నూటికి 90 పాళ్లకు మించి ఎలుక జాతి జంతువులే. ఎలుకలు పగలు బయటికి వస్తాయి కాబట్టి తోడేలు కూడా పగలే తిరుగుతుంది. కొన్ని తోడేళ్లు మరింత తెలివిగా ఆవుల మందలో కలిసి నడుస్తాయి. ఆవుల చాటున ఎలుకకు తోడేలు జాడ తెలియదు. కాపరులు వాటిని చూసీ చూడనట్లు ఊరుకుంటారు. గొర్రెపిల్లను ఎత్తుకుపోవడం అరుదు కాబట్టి బాలేలో ఈ జంతువుమీద పగ పట్టినవారు తక్కువే.

2024లో ప్రకటించిన ఒక పరిశీలనలో మరో విచిత్రం తెలిసింది. నిప్పుకణికల కంకిలాగా పూసే క్నిఫోఫియా అనే పూలలోని తేనెను ఈ తోడేళ్లు నాకుతున్నాయి. ఒక్క విడతలో 30 కంకుల వరకు నాకిన తోడేలు ఉంది. వాటి మూతులు పుప్పొడితో పసుపుపచ్చగా మారుతున్నాయి. తేనెటీగలు చేసే పనిని మాంసాహారి అయిన తోడేలు కూడా కొంత చేస్తున్నదేమో అని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఒరోమో కాపరుల పిల్లలకు ఆ పూలు తియ్యగా ఉంటాయని ముందే తెలుసు.

ప్రపంచంలో ఎదిగిన ఎర్ర తోడేళ్లు 500 కూడా లేవు. అన్నీ ఇథియోపియా కొండలమీదనే ఉన్నాయి. వాటిలో సగానికి పైగా బాలేలోనే ఉన్నాయి. ఆఫ్రికాలోని మాంసాహార జంతువులలో ఇంత అరుదైనది మరొకటి లేదు. తిండి ఉంది, పగవాళ్లు లేరు, ఉద్యానవనం ఉంది. మరి ఎందుకు ఇంత తక్కువ? దీనికి జవాబు కొండకు ఉత్తరం వైపు ఉంది.

సానెట్టినుండి ఉత్తరానికి దిగితే గోబా వస్తుంది. అక్కడినుండి పడమటగా పోతే దిన్‌షో ఊరు, ఉద్యానవన కార్యాలయం, గైసే గడ్డిమైదానం ఉన్నాయి. దిన్‌షో చుట్టూ జునిపర్ చెట్లు, కోసో చెట్లు కనిపిస్తాయి. కోసో చెట్టు ఎర్రని పూలను ఇథియోపియావారు కడుపులోని బద్దెపురుగులకు మందుగా తరతరాలుగా వాడుతున్నారు. ఆ చెట్ల కింద మెలికలు తిరిగిన కొమ్ములతో కొండ న్యాలా అనే పెద్ద జంతువులు మేస్తూ ఉంటాయి. ఇదీ ఇథియోపియాలో తప్ప ఎక్కడా లేనిదే. ఇంత పెద్ద జంతువు 1910 వరకు శాస్త్రజ్ఞుల దృష్టికి రాలేదంటే ఆశ్చర్యమే. 1991లో దేశంలో ప్రభుత్వం కూలిపోయి, కాపలా లేని రోజుల్లో న్యాలాలు చాలా వేటకు బలి అయ్యాయి. తరువాత ఉద్యానవన సిబ్బంది తిరిగి వచ్చాక క్రమంగా కోలుకున్నాయి.

దిన్‌షోకు దక్షిణాన వెబ్ లోయ ఉంది. అక్కడ ఎర్ర తోడేళ్లు ఎక్కువ. అక్కడే మనుషులూ ఉన్నారు. ఉద్యానవనం లోపలా, అంచులలోనూ వేలాది కుటుంబాలు బార్లీ పండిస్తూ, ఆవులను, గొర్రెలను, మేకలను, గుర్రాలను పెంచుతూ జీవిస్తున్నాయి. రాత్రి అయితే హైనాలు, చిరుతపులులు మందలమీదకు వస్తాయి. అందుకని ప్రతి ఇంటా కుక్కలుంటాయి. వాటికి గొలుసు ఉండదు, వేళకు తిండీ ఉండదు. మందవెంట మేతకు పోయి, దొరికినది తిని వస్తాయి. అలా కుక్కలూ తోడేళ్లూ ఒకే పచ్చికలో ఎదురుపడతాయి. కుక్కకు రేబిస్, అంటే పిచ్చికుక్క వ్యాధి ఉంటే, ఒక్క కాటుతో అది తోడేలుకు సోకుతుంది.

1991, 1992 సంవత్సరాలలో బాలేలో రేబిస్ చెలరేగింది. పరిశీలనలో ఉన్న తోడేళ్లలో సగానికి పైగా చనిపోయాయి. ఆ జంతువులను 1988నుండి ఒక్కొక్కదానిని గుర్తుపట్టి గమనిస్తున్న శాస్త్రజ్ఞుడు క్లాడియో సిలేరో కళ్లముందే గుంపులకు గుంపులు మాయమయ్యాయి. 2003లో మళ్లీ వచ్చింది. ఆ దెబ్బకు వెబ్ లోయలోని తోడేళ్లలో నాలుగింట మూడు వంతులు పోయాయి. 2008, 2009లలోనూ, 2014లోనూ మళ్లీ రేబిస్. నడుమ 2006, 2010, 2015లలో కుక్కలనుండే సోకే డిస్టెంపర్ అనే మరో రోగం. గుంపుగా ఉండి, రోజూ మూతులు తాకి పలకరించుకొనే జంతువులలో రోగం ఎంత త్వరగా పాకుతుందో వేరే చెప్పనక్కరలేదు. గుంపులో ఒక్క ఆడ తోడేలే ఏడాదికి ఒకసారి పిల్లలను పెడుతుంది. అందువల్ల పోయినవాటి లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. లోటు తీరేలోగా మరో రోగం వస్తుంది. కుక్కలతో జతకట్టి సంకర జాతి పిల్లలు పుట్టడం మరో చిక్కు.

కుక్కలను చంపివేస్తే సరి అని కొందరికి తోచవచ్చు. కుక్క లేకపోతే మందకు కాపలా లేదు. మంద లేకపోతే ఆ కుటుంబానికి బ్రతుకు లేదు. అదీకాక రేబిస్ తోడేలుకు మాత్రమే వచ్చే జబ్బు కాదు. అదే కుక్క ఇంటి పిల్లవాడినీ కరుస్తుంది, ఆవునూ కరుస్తుంది. కాబట్టి 1995లో ఏర్పడిన ఇథియోపియా తోడేళ్ల సంరక్షణ కార్యక్రమంవారు ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేయడం మొదలుపెట్టారు. తోడేలు అంటే పట్టనివారు కూడా తమ పిల్లలకోసం, పశువులకోసం కుక్కలను పట్టుకొని తెచ్చి టీకా వేయిస్తారు. ఏటా వేల కుక్కలకు టీకాలు పడుతున్నాయి. అయినా ఊళ్లలో కొత్తగా కుక్కపిల్లలు పుడుతూనే ఉంటాయి, బయటి ప్రాంతాలనుండి కుక్కలు వస్తూనే ఉంటాయి.

2003లో రోగం పాకుతున్నప్పుడు మరో ప్రయత్నం జరిగింది. బాలేలో తోడేళ్లు ఉన్న చోట్లన్నీ ఒకదానితో ఒకటి ఇరుకైన కొండదారులతో కలిసి ఉంటాయి. రోగం ఒకచోటినుండి మరోచోటికి పోవాలంటే ఆ దారులగుండానే పోవాలి. అందుచేత అన్నింటినీ పట్టుకొనే పని పెట్టుకోకుండా, ఆ దారులమీద నివసించే గుంపులలోని 69 తోడేళ్లను పట్టి టీకా వేసి వదిలారు. ఊరికి నిప్పంటుకున్నప్పుడు మంట ముందున్న ఒక వరుస కప్పులు పీకివేసి మిగిలిన ఊరిని కాపాడుకోవడం లాంటిది ఇది. రోగం వెబ్ లోయను దాటి ముందుకు పోలేదు.

అయితే రోగం వచ్చాక పరుగెత్తడంకన్నా రాకముందే కాపు కాయడం మేలు. తోడేలును వల పన్ని పట్టుకోవడం దానికీ, మనిషికీ కష్టమే. అందువల్ల నోటి టీకాను పరీక్షించారు. మందు ఉన్న చిన్న పొట్లాన్ని మాంసంలో దాచి తోడేళ్ల దారిలో వేస్తారు. తోడేలు కొరికినప్పుడు పొట్లం చిట్లి మందు నోటి లోపలి పొరకు తగులుతుంది. ఏ మాంసమైతే బాగా తింటాయని చాలా రకాలు వేసి చూశారు. మేకమాంసం, అదీ రాత్రిపూట వేసినది, అన్నిటికన్నా బాగా పనిచేసింది. 2018నుండి బాలేలో ఇది క్రమబద్ధంగా జరుగుతున్నది. గుర్రాలమీద వెళ్లి, గడ్డకట్టే చలిలో ఒక్కో గుంపు ఉన్నచోటు వెతికి, తోడేలు ముక్క తిన్నదో లేదో కనిపెట్టి ఉండేవారు చాలావరకు ఆ ఊళ్ల మనుషులే. చిన్నప్పుడు అదే పచ్చికలో పశువులను కాచినవారు కాబట్టి ఏ గుట్ట చాటున ఏ గుంపు పడుకుంటుందో వారికి తెలుసు.

అక్టోబరునుండి డిసెంబరు వరకు తోడేళ్లు పిల్లలను పెట్టే కాలం. రాళ్ల సందున తవ్విన గుహలో రెండునుండి ఆరు పిల్లలు పుడతాయి. మూడు వారాల తరువాత అవి నల్లని బొచ్చుతో, తడబడే అడుగులతో మొదటిసారి వెలుగులోకి వస్తాయి. తల్లి ఒక్కటే వాటిని సాకదు. గుంపులోని మిగిలిన తోడేళ్లు వేటనుండి వచ్చి, తిన్న ఎలుక మాంసాన్ని కక్కి పిల్లల నోటికి అందిస్తాయి. గుహకు దూరంగా ఒక బండ చాటున గుర్రాన్ని నిలిపి, ఆ ఊరి మనిషి బైనాక్యులర్‌లోనుండి వాటిని లెక్కపెడతాడు. ఎన్ని పిల్లలు, ఏ గుంపు, ఏ రోజు అని పుస్తకంలో రాసుకొని, మరో లోయలోని గుంపును చూడటానికి బయలుదేరతాడు.

ప్రశ్నలు

1. కన్యాకుమారికన్నా దక్షిణాన ఉన్నా బాలే పర్వతాలమీద అంత చలి ఎందుకు ఉంటుంది?
2. బొరియ ఎలుకకు కళ్లు తలకు పైభాగాన ఉండటంవల్ల ఉపయోగమేమిటి?
3. ఎర్ర తోడేలు గుంపులో ఉంటూనే ఒంటరిగా వేటాడటానికి కారణం చెప్పండి.
4. 69 తోడేళ్లకు మాత్రమే టీకా వేసి రోగాన్ని ఎలా ఆపగలిగారు? పటం గీసి వివరించండి.
5. కుక్కలను చంపివేయాలని ఒకరు, టీకాలు వేయాలని మరొకరు వాదిస్తున్నట్లుగా సంభాషణ రాయండి.
6. మీ ఊరిలో కుక్కలకు రేబిస్ టీకా ఎవరు వేస్తారో పెద్దలను అడిగి తెలుసుకొని ఐదు వాక్యాలలో రాయండి.